బేటా వకీలవుతానంటే

మన ఇళ్లలో కొడుకు డాక్టరైతే షాన్, ఇంజనీరైతే ఖుషీ. వకీలవుతానంటే మాత్రం "ఝూట్ మాటల పేషా ఎందుకురా?" అంటారు. ప్రకాశం జిల్లాకు ఆ పేరొచ్చిందే ఒక వకీలు వల్ల!

టంగుటూరి ప్రకాశం చిన్నప్పుడే యతీమ్. అమ్మ సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లు పెట్టి పెంచింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు మాస్టారు చేయి పట్టి చదివించారు. ఆ గరీబు పిల్లాడే రాజమండ్రిలో ప్లీడరై, 1904లో లండన్ వెళ్లి బారిస్టరయ్యాడు. బాగా సాగుతున్న మద్రాసు ప్రాక్టీసును 1921లో వదిలేశాడు. 1928లో సైమన్ కమిషన్‌కు నిరసనగా తుపాకుల ముందు ఛాతీ చూపాడు. వర్దీ వేయకపోయినా సిపాయే అంటాన్నేను.

మార్కాపురం పలకల దుమ్ముకు ఊపిరి చెడిన మజ్దూరుకైనా, గిద్దలూరులో ఖర్చుల కోసం కోర్టు చుట్టూ తిరిగే తలాకైన చెల్లికైనా మన దువాతో పాటు ఒక వకాల్తా కూడా కావాలి. ఔరతులకు ఆమ్దనీ ఎంతున్నా సర్కారు వకీలును ఉచితంగా ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. ఫోన్ నంబరు 15100. జుమ్మా తర్వాత మసీదులో ఈ ఒక్క మాట చెప్పొచ్చు కదా?

దావా, జామీను, వకాల్తా... కోర్టు జబాన్ సగం మనింటిదే. (ఉర్దూలో ముద్దయీ దావా వేసినవాడు, తెలుగులో ముద్దాయి బోనెక్కినవాడు. అదో తమాషా!) ఈసారి లాసెట్ దరఖాస్తు బేటాతో పాటు బేటీ చేత కూడా పెట్టించండి.