గుర్రం బొచ్చు రాల్చే వేళ కంబళి కన్నా విడి బ్రష్షు ముఖ్యం

ఫిబ్రవరి వచ్చేసరికి ఉత్తర భారతంలోని గుర్రపుశాలల్లో నేలంతా వెంట్రుకలే కనిపిస్తాయి. చలికాలమంతా ఒంటిని కాచిన దట్టమైన బొచ్చును గుర్రం వదిలించుకునే కాలమిది. పలుచని కంబళ్లు, ఈగల వలలు, మెరుపు తెచ్చే స్ప్రేలు, రకరకాల దువ్వెనలు కొనాలని యజమానులకు అనిపించేదీ ఇప్పుడే. వీటిలో చాలావాటితో పని లేకుండానే గుర్రం హాయిగా ఉంటుంది. లేకపోతే నిజంగా ప్రమాదం తెచ్చే వస్తువు మాత్రం ఒకటుంది. అది ఏ గుర్రానికి ఆ గుర్రానికి విడిగా ఉండాల్సిన బ్రష్షు.

ముందు బొచ్చు సంగతి. ఎండ వేడికే వెంట్రుకలు రాలతాయని చాలామంది అనుకుంటారు. అసలు కారణం పగటి నిడివి. డిసెంబరు చివరి వారం నుంచి పగలు పెరిగే కొద్దీ, మెదడులోని పీనియల్ గ్రంథి రాత్రివేళ మెలటోనిన్‌ను విడుదల చేసే సమయం తగ్గుతుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. పాత వెంట్రుకలు వదులై కొత్తవి మొలుస్తాయి. హిసార్‌లో ఏడాదిలో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా మూడున్నర గంటలకు పైనే, హైదరాబాద్‌లో సుమారు రెండు గంటలే. చలి తీవ్రతకూ ఇందులో పాత్ర ఉంది. అందుకే లద్దాఖ్‌లోని జన్‌స్కారీ గుర్రం ఒంటి మీద పేరుకున్నంత బొచ్చు హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లో నడిచే గుర్రానికి ఉండదు.

కాబట్టి త్వరగా రాలుతుందని మార్చిలోనూ మందపాటి కంబళి కప్పి ఉంచితే గుర్రానికి దక్కేది ఉక్కపోతే. మనిషిలాగే ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే జంతువు అది. దాని చెమటలో లేథరిన్ అనే ప్రొటీను ఉంటుంది. సబ్బులా పనిచేసి చెమటను వెంట్రుకల కొసల దాకా పాకించి త్వరగా ఆరేలా చేస్తుంది. పరుగెత్తిన గుర్రం ఒంటిపై కనిపించే తెల్లని నురుగు దాని పనే. ఆ ఏర్పాటుకు కంబళి అడ్డు. ఊరికే షాంపూ రుద్దడం కూడా మంచిది కాదు, చర్మానికి కాపుగా ఉండే నూనె పోతుంది.

మాలీసుకు కావలసిన సరంజామా చిన్నదే. రబ్బరు గొరపం, గట్టి కుచ్చు బ్రష్షు, ముఖానికి మెత్తని బ్రష్షు, గిట్టలో ఇరుక్కున్న రాళ్లు తీసే కొక్కెం. ఇనుప గొరపం బ్రష్షులో చిక్కిన మురికి దులపడానికే మేలు. ఎముక పైకి తేలిన కాళ్ల మీద, మొహం మీద దాన్ని గీకితే చర్మం చిట్లుతుంది. జీను ఒరిసిన పుండు, పిడుదు, కొత్తగా లేచిన గడ్డ మొదట తగిలేది మాలీసు చేసే చేతికే. ఈ పనికున్న అసలు విలువ అదే, మెరుపు తరువాతి మాట.

పంచుకున్న బ్రష్షుతో వచ్చేది తామర ఒక్కటే అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. గ్లాండర్స్ అనే బ్యాక్టీరియా వ్యాధి ముక్కు స్రావాలు, పుండ్ల రసి అంటిన తొట్లు, జీను సామాను, బ్రష్షుల ద్వారా కూడా వ్యాపిస్తుంది. దానికి టీకా లేదు. మనుషులకూ సోకి ప్రాణం తీయగలదు. పరీక్షలో వ్యాధి తేలిన గుర్రాన్ని చట్ట ప్రకారం చంపక తప్పదు. బండి లాగో, ఇటుకలు మోసో ఇల్లు గడిపే గుర్రమైతే ఆ ఇంటి సంపాదనే ఆగిపోతుంది. గుర్రాల ఫ్లూ గాలి ద్వారా ఎక్కువగా సోకినా, కలుషితమైన చేతులు, సామాను కూడా దాన్ని మోస్తాయి. 2008లో కట్రాలో బయటపడిన ఆ వ్యాధి చాలా రాష్ట్రాలకు పాకింది. 2025 వసంతంలో రుద్రప్రయాగ్ జిల్లాలో మళ్లీ కనిపించింది, మే నెలలో కేదార్‌నాథ్ దారిలో గుర్రాలు, కంచర గాడిదల రాకపోకలను తాత్కాలికంగా ఆపాల్సి వచ్చింది.

దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 2012లో 6 లక్షలకు పైగా ఉండేవి. 2019 పశుగణనలో అవి 3.4 లక్షలకు తగ్గాయి. గ్లాండర్స్ నిర్మూలనకు కేంద్రం 2019లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. పరీక్షల మీద పెట్టే శ్రద్ధలో కొంత బ్రష్షుల మీదా పెట్టాలి. రక్త నమూనా తీసుకోవడానికి వచ్చే పశువైద్య సిబ్బంది, యజమాని చేతిలో గుర్రానికో బ్రష్షు, గొరపం పెట్టి, పిడికి రంగు దారం చుట్టి వెళ్తే ఖర్చు పెద్దగా కాదు. సబ్బు నీటితో మురికి పోయేలా కడిగి, తరువాత బ్లీచింగ్ ద్రావణంలో ముంచి, ఎండలో ఆరబెట్టాలన్నదీ అప్పుడే చూపించవచ్చు. మురికి మీద బ్లీచింగ్ సరిగా పనిచేయదు.

మనిషి దుస్తుల విషయానికొస్తే, స్వారీకి హెల్మెట్, రికాబులో పాదం జారి ఇరుక్కోకుండా చిన్న మడమ ఉన్న బూట్లు, వేలాడే కండువా, చున్నీ లేని బట్టలు చాలు. ఉబ్బసం ఉన్నవారికి బొచ్చు దులిపేటప్పుడు మాస్కు అవసరం. గుర్రపు పేడలో ధనుర్వాతపు బీజాలు ఉంటాయి గనుక మనిషికీ గుర్రానికీ టీకా వేయించి ఉండాలి.

ముసలి గుర్రం మే నెలలోనూ పొడవాటి బొచ్చుతోనే ఉంటే దువ్వెన మార్చి లాభం లేదు. అది పిట్యూటరీ గ్రంథి లోపానికి గుర్తు కావచ్చు, పశువైద్యుణ్ణి పిలవాలి.