వంశవృక్షమున కాలిన కొమ్మలు

వంశవృక్షము లెందుకు? పూర్వుల పేళ్లు వల్లించి గర్వించుటకా, లేక వారిని మరువకుండుటకా? ఆంగ్ల రచయిత్రి జె. కె. రౌలింగు గారి హారీ పాటరు కథలలోని బ్లాకు వంశమును గూర్చి చదివినప్పుడు మాకీ ప్రశ్న కలిగినది.

2003వ సంవత్సరమున వెలువడిన యైదవ గ్రంథమున, లండను నగరములోని బ్లాకువారి పాత యింట గోడనిండ వ్రేలాడు నొక తెర వర్ణింపబడినది. ఆ మాంత్రిక కుటుంబపు వంశవృక్షము దానిపై బంగారు దారముతో కుట్టబడియున్నది. తమ రక్తము సదా నిర్మలమని చాటు ఫ్రెంచి నినాదము గూడ నచ్చట గలదు. బిడ్డలకు నక్షత్రముల పేళ్లిడుట వారి యాచారము. సిరియసు మన లుబ్ధకము; రెగులసు మన మఖానక్షత్రము. పేళ్లు మిన్నంటినవి గాని మనస్సులు మాత్రము విశాలములు కాలేదు.

ఆ తెరపై నచ్చటచ్చట కాలిన రంధ్రములున్నవి. పదునారవయేట నిల్లు విడిచిన సిరియసు పేరు కాల్చబడినది. అతనికి ధనమిచ్చి యాదుకొనిన మేనమామ పేరును కాల్చబడినది. మంత్రవిద్య నెరుగని తలిదండ్రులకు పుట్టిన టెడ్ టాంక్సును పెండ్లాడినందుకు ఆండ్రోమెడా పేరును కాల్చబడినది. అయితే నిరపరాధులైన దంపతులను మతిచెడువరకు హింసించిన ఆమె యక్క బెల్లాట్రిక్సు పేరు చెక్కుచెదరక నిలిచినది! పాపము చేసినవారికి చోటుగలదు, ప్రేమించినవారికి లేదు. ఇట్టి నిర్మలత్వము నేమనవలెను?

రెగులసు పేరును నిలిచినది. తలిదండ్రుల దృష్టిలో నతడు విధేయుడగు కుమారుడు. కాని యతడు దుష్టమాంత్రికు నెదిరించి ప్రాణమిచ్చెనని 2007వ సంవత్సరపు తుది గ్రంథము వలన తెలియుచున్నది. కాల్చినవారిని గాని, నిలిపినవారిని గాని యా తెర యెరుగనే యెరుగదు. తుదకు సిరియసుతో నా యింటిపేరే యంతరించెను.

వంశవృక్షములు వ్యర్థములని కొందరందురు. మేమట్లు తలంపము. మత్తయి సువార్త మొదటి యధ్యాయమును చూడుడు. యేసుక్రీస్తు వంశావళిలో తామారు, రాహాబు, మోయాబీయురాలగు రూతు, ఊరియా భార్య కనబడుచున్నారు. దాచదలచినచో దాచదగిన పేళ్లని లోకము తలంచునవే యవి, అయినను దాచబడలేదు.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ తాతను, నాయనమ్మను, అమ్మమ్మను కూర్చుండబెట్టుకొని మీ వంశవృక్షమును వ్రాయుడు. మన పట్టికలలో తరచు విడువబడు తల్లుల పేళ్లును, అక్కచెల్లెండ్ర పేళ్లును చేర్చుడు. ఎవరి పేరడిగినప్పుడు పెద్దలు మాట మార్చుదురో, ఆ పేరును మరల వినయముగా నడుగుడు. రంధ్రములేని వంశవృక్షమే మాకు గౌరవపాత్రము.