వీడియో లేకుంటే ఆట ఆడనట్టేనా?

మొన్న సాయంత్రం సిద్దిపేటలో గ్రౌండు పక్కన నలుగురు పిల్లలు ఒకే ఫోను మీదికి వంగి కొట్లాడుకుంటున్నారు. బాస్కెట్‌బాల్‌లో జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ గొప్పా? నాకు ముచ్చటేసింది. ఆట మీద పాణం ఉన్నోళ్లే అట్లా కొట్లాడుతారు. ఊరుకోలేక బిల్ రసెల్ పేరెత్తాను. పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్లు గెలిచిన మనిషి కదా! "సార్, అప్పటోళ్లు ప్లంబర్ల మీద ఆడిండ్రు సార్. వీడియోలు చూస్తే నవ్వొస్తది" అన్నాడొకడు. మిగతా ముగ్గురూ నవ్వారు.

ప్లంబరైతే ఏంది? పొద్దంతా కష్టం చేసి వచ్చి ఆడినోడి ఆట ఆట కాదా? 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టులో ఉన్నది ఎవరు? పోలీసు నౌకరీ చేసుకునేవాళ్లు. వాళ్లను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆ పంతులు చేతికింద దేశం 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మరుసటేడు జూన్‌లో పోయాడు. ఆయన సంగతి మన పిల్లల్లో చాలామందికి 2024లో హిందీ సినిమా వస్తే గానీ తెలియలేదు. అరవై ఏళ్లు మనమేం చేసినం? సికింద్రాబాద్ పక్కన పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టాడు, పెరూ మీద కొట్టాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూస్తే మన జిల్లాల్లో ఎన్ని మైదానాల్లో ఆట ఆపి రెండు నిమిషాలు నిలబడ్డరు?

"లెక్కలు చూడాలె సార్" అంటారు. సరే, చూద్దాం. ఎన్‌బీఏలో బ్లాకులు, స్టీల్స్ అధికారికంగా రాయడం మొదలైందే 1973-74 సీజన్లో. రసెల్ 1969లోనే ఆట మానేశాడు. ఎదుటివాడి షాట్‌ను గాల్లోనే ఆపడానికి పెట్టింది పేరైన మనిషికి మీ లెక్కల పుస్తకంలో ఒక్క బ్లాకు కూడా లేదు! విల్ట్ చాంబర్లేన్ 1962 మార్చి 2న ఒక్క మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. దానికి వీడియో లేదు. చేత్తో 100 అని రాసిన తెల్లకాగితం పట్టుకుని కూర్చున్న ఫొటో ఉంది. ఆ కాగితం లేకపోతే ఆ వంద కూడా అబద్ధమని తేల్చేసేవాళ్లు.

రసెల్ వచ్చినప్పుడు లీగ్‌లో ఎనిమిదే జట్లు కదా అని ఇంకో ఎత్తిపొడుపు. ఎనిమిదే జట్లంటే దేశంలోని మొనగాళ్లంతా ఆ ఎనిమిదింట్లోనే ఉన్నారని అర్థం. పైగా 1961లో కెంటకీలో ఒక మ్యాచ్‌కు పోతే, అతని జట్టులోని నల్లవాళ్లకు హోటల్‌లో తిండి పెట్టేది లేదన్నారు. రసెల్, అతని తోటి నల్ల ఆటగాళ్లు మ్యాచ్ ఆడకుండా వెనక్కి వచ్చేశారు. రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊళ్లవాళ్లం, ఆ అవమానం బరువెంతో మనకొకరు చెప్పాలా? అది మీ స్కోరు పట్టికలో ఏ గడిలో రాసి ఉంది?

అంతటితో అయిపోతే బాగుండేది. "మనోళ్లల్లోనైనా అంతే సార్. సింధుకు రెండు ఒలింపిక్ మెడల్స్. మల్లీశ్వరికి ఒక్కటే, అది గూడ కాంస్యం" అన్నాడు ఇంకొకడు. నాకు నిజంగా కోపం వచ్చింది. బ్యాడ్మింటన్‌లో సింధు మహా గొప్ప ఆటగత్తె. రియో రజతం, టోక్యో కాంస్యం, 2019లో బాసెల్‌లో ప్రపంచ టైటిల్ ఊరికే రావు. కానీ కరణం మల్లీశ్వరి 1994లో, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. మరుసటేడే అట్లాంటా ఒలింపిక్స్. ఆమె ఎందుకు పోలేదు? ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగే లేదు గనక! శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల ప్రపంచాన్ని గెలిచి తలుపు ముందు నిలబడితే లోపల గడియ పెట్టి ఉంది. 2000లో సిడ్నీలో తీశారు. అప్పటికి ఆమె 69 కిలోల విభాగంలో ఉంది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. కాంస్యంతో సరిపెట్టుకోక, బంగారం కోసం చివరి ప్రయత్నంలో 137.5 వేయించుకుంది. లేవలేదు. అయినా ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆమే. ఇన్నేళ్లు గడియ పెట్టినోళ్లను వదిలేసి, ఒక్కటే తెచ్చిందేమని ఆమెనడుగుతారా?

పోల్చొద్దని నేననను. పోల్చండి, తెల్లార్లూ కొట్లాడుకోండి. కానీ ఒక పళ్లెంలో పతకాలు వేసినప్పుడు రెండో పళ్లెంలో ఆ కాలపు నేల, బూట్లు, జీతం, రూల్సు, మూసిన తలుపులు కూడా వెయ్యండి. ఉత్త పతకాలు తూస్తే అది దొంగ తూకం.

మా ఊళ్లో ఒక పెద్దమనిషి ఉన్నాడు. మా చిన్నప్పుడు చెడుగుడులో ఆయన కూతకు పోతే ఊరంతా ఊపిరి బిగబట్టేది. పాయింట్లు బడి గోడ మీద బొగ్గుతో రాసేవాళ్లం. దసరాకు సున్నం వేస్తే అవి పోయేవి. నిన్న ఆ నలుగురినీ ఆయన దగ్గరికి తోలుకపోయాను. ఫోను తియ్యమన్నాను. వాళ్లలో నవ్విన పిల్లగాడే ముందుగా అడిగాడు: "తాతా, అప్పుడు మ్యాట్ ఉండెనా?"

ఆయన ధోవతి మోకాలిపైకి లాగి మచ్చలు చూపించాడు. "రాళ్ల నేల బిడ్డా. ఇది మోతె ఊరోళ్ల మీద ఆడిన్నాటిది" అని మొదటిదాని మీద వేలు పెట్టాడు. పిల్లగాడు ఫోను దగ్గరగా జరిపాడు.