ఆడేవి, చూసేవి, చెప్పుకునేవి

ఆటలు ముఖ్యంగా మూడు రకాలు: ఆడేవి, చూసేవి, చెప్పుకునేవి. ఆడితే ఒళ్ళు అలుస్తుంది. చూస్తే కళ్ళు అలుస్తాయి. చెప్పుకుంటే మాత్రం ఏమీ అలవదు. వినేవాడికి విసుగు పుట్టేదాకా చెప్పుకోవచ్చు. హైదరాబాదు ఫుట్‌బాలు ఒకప్పుడు మొదటి రకం. ఈనాడు దాదాపు మూడో రకంలోకి వచ్చిపడింది. చెప్పుకునేవాళ్ళు కూడా తగ్గిపోతున్నారు గనుక ఈవారం ఆ పని నేను పెట్టుకున్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి బంతి గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. కారణం చివర మనవి చేస్తాను.

మా ఇంట్లో టీవీ మీద అధికారం మా అత్తగారిది. సీరియళ్ళ వేళకి ఆవిడ కుర్చీ కదలదు. అలాంటిది 2022 డిసెంబరు 18న, కతార్‌లో అర్జెంటీనాకూ ఫ్రాన్సుకూ ప్రపంచకప్పు ఫైనలు జరిగిన రాత్రి, ఆవిడే స్వయంగా రిమోటు నా చేతికిచ్చారు. ఆదివారం కావడంచేత సీరియలు లేదు లెండి. ఆట మధ్యలో మా శ్రీమతి వచ్చి కూర్చుని, "ఈ ఆఫ్‌సైడంటే ఏమిటండీ?" అంది.

"పెళ్ళిలో వడ్డన మొదలు కాకముందే ఇంటివాళ్ళందరినీ దాటిపోయి, గాడిపొయ్యి పక్కనే ఆకు వేసుకు కూర్చున్నాడనుకో ఒకడు. వాడి ఆకులో లడ్డూ పడ్డా లెక్కకు రాదు. అదీ ఆఫ్‌సైడు."

"మీ పెదనాన్నగారిలాగా అన్నమాట," అంది. ఆ తరువాత ఆవిడకి ఆట సులువుగా బోధపడింది.

ఆ రాత్రి ఆట 3-3తో సమమై, పెనాల్టీలలో 4-2తో అర్జెంటీనా గెలిచింది. ఎంబాపే పాపం ఒక్కడే మూడు గోల్సు కొట్టి కూడా ఓడిపోయాడు. మర్నాడు మా వీధిలో పిల్లలంతా మెస్సీలే. నీలం చారల చొక్కా, వీపున 10 అంకె. వాళ్ళలో ఒకణ్ణి ఆపి, "ఒరే, రహీం ఎవరో తెలుసునా?" అన్నాను. "ఏ రహీం అంకుల్? మెకానిక్కా?" అన్నాడు.

వాడి తప్పేమీ లేదు. వాడికి చెప్పినవాడెవడు?

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడు. వృత్తి బడిపంతులుతనం. 1950 నుంచి 1963లో కన్నుమూసేవరకూ మన దేశపు ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. ఇక్కడ ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో మనకి బంగారు పతకం. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1తో చావుదెబ్బ. మనవాళ్ళలో చాలామంది అప్పటికింకా ఒట్టికాళ్ళతో ఆడుతున్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచారు. ఆనాడు నెవిల్ డిసౌజా మూడు గోల్సు కొట్టాడు.

ఇదంతా మంత్రమేసి చేసింది కాదు. పంతులుగారి పద్ధతి ఏమంటే, కుడికాలి వాటం ఉన్నవాణ్ణి ఎడమకాలితో మాత్రమే ఆడమనేవాడు. అందుకోసం వేరే పోటీలే పెట్టాడు. బంతిని తన దగ్గరే అట్టేపెట్టుకుని విన్యాసాలు చేయకూడదనే నిబంధనతో మరికొన్ని పోటీలు. అంటే, వచ్చిన విద్య కాసేపు పక్కన పెట్టి, రానిది నేర్చుకోమనడం. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను గనుక తెలుసు, అంతకన్న కష్టమైన పాఠం మరొకటి లేదు. పద్యం బాగా చదివేవాడిచేత వచనం రాయించి చూడండి!

1962 సెప్టెంబరులో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. ఆ క్రీడలకి తైవాన్‌నీ ఇజ్రాయెల్‌నీ రానివ్వకపోవడాన్ని మన దేశపు ప్రతినిధి ఒకాయన ఆక్షేపించాడని అక్కడి జనానికి మనమీద పట్టరాని కోపం. స్టేడియమంతా మనకి ఎదురు. తలకి గాయమై కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరసలో నిలబెట్టాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. 2-1తో బంగారు పతకం మనది. ఆ జట్టులో గోల్‌కీపర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం మన జంటనగరాల గాలి పీల్చి పెరిగినవాళ్ళే. కోచ్ అప్పటికే కాన్సరుతో ఉన్నాడు. మరుసటి ఏడు జూన్‌లో పోయాడు. ఆ తరువాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం మన మొహం చూడలేదు.

ఇంత కథ ఎలా మరుగునపడిందా అని ఆలోచిస్తే, నాకొకటి తోస్తోంది. జకార్తా గెలుపు 1962లో. హైదరాబాదుకి దూరదర్శన్ వచ్చింది 1977లో. రంగుల టీవీ వచ్చింది 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడలకి. మరుసటి సంవత్సరమే కపిల్‌దేవ్ జట్టు లార్డ్స్‌లో ప్రపంచకప్పు ఎత్తింది. ఇంటింటికీ పెట్టె వస్తున్న వేళ, పెట్టెలో గెలుస్తున్న ఆట క్రికెట్టు. ఫుట్‌బాలు గెలిచిన రోజుల్లో పెట్టె లేదు. పెట్టె వచ్చిన రోజుల్లో గెలుపు లేదు. క్రికెట్టుని తిట్టి లాభంలేదు. అది వేళకి వచ్చిన చుట్టం. వేళకి వచ్చినవాడికి విస్తరి వేస్తారు.

టీవీ వచ్చిన కొత్తలో వీధి వీధంతా ఒకరింట్లో కూర్చునేది. తరువాత ఇంటికొక పెట్టె అయింది. రిమోటుకోసం తగవులు మొదలయ్యాయి. ఇప్పుడు తగవుల్లేవు. ఎవరి ఫోను వారిది. మా అబ్బాయి గోలని అరిస్తే ఎవరి గోలో, ఏ దేశపు ఆటో పక్కగదిలో ఉన్న నాకు తెలియడంలేదు. తగవులాడుకునే రోజుల్లోనే కలిసి కూర్చున్నామేమో ననిపిస్తుంది.

సినిమా సంగతీ చెప్పాలి. తెలుగులో కబడ్డీకి 'ఒక్కడు' ఉంది, క్రికెట్టుకి 'జెర్సీ' ఉంది. మన ఊరి రహీం కథని మాత్రం 2024లో హిందీవాళ్ళు 'మైదాన్' పేరుతో తీశారు. అజయ్ దేవగణ్ రహీం వేషం కట్టాడు. జకార్తాకీ ఈ బొమ్మకీ మధ్య అరవైరెండేళ్ళు! మేము వెళ్ళిన ఆటకి హాలు సగం ఖాళీ. చివరి అరగంటా మా అబ్బాయి కుర్చీ అంచున కూర్చున్నాడు. బయటికొస్తూ, "నాన్నా, ఈయన నిజంగా మన ఊరివాడేనా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి టిక్కెట్టు డబ్బులు గిట్టాయి.

ఆట మళ్ళీ చిగురించకపోలేదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచింది. సంతోషించాం. 2025లో ఆ జట్టు కాస్తా ఢిల్లీకి మకాం మార్చేసింది. జట్లు వస్తాయి, పోతాయి. పిల్లవాడి కాళ్ళకింద నేలంటూ ఉంటే మరొక జట్టు పుట్టకపోదు.

ఇక, చివర చెబుతానన్న కారణం. మా కాలనీలో నీళ్ళటాంకు పక్కన కాస్త ఖాళీస్థలం ఉంది. నలభైమంది పిల్లలు సాయంత్రాలు అక్కడే ఆడతారు. దాన్ని చదునుచేసి, గీతలు గీసి, కార్లు పెట్టుకుందామని క్రిందటివారం మీటింగులో ప్రతిపాదన వచ్చింది. బంతి తగిలి అద్దాలు పగులుతున్నాయన్నారు, అది నిజమే. కార్లు వీధిలో అడ్డంగా ఉంటున్నాయన్నారు, అదీ నిజమే. అంతలో ఒక పెద్దమనిషి, "ఆటలు కావాలంటే టీవీలో బోలెడన్ని వస్తున్నాయి కదండీ, పిల్లలు చూసుకుంటారు," అన్నారు. చాలామంది తల ఊపారు. ఈ వ్యాసం ఆ ఊపిన తలలకోసం రాశాను.

గోడవైపు వల కట్టిద్దాం, కార్లకి టాంకు వెనకభాగం ఇద్దాం, నేల మాత్రం పిల్లలకి వదిలేద్దామని నా ప్రతిపాదన. వచ్చే ఆదివారం ఓట్లు. ఇరవైమూడు ఇళ్ళు, ఇంటికొక ఓటు. నా లెక్కప్రకారం మావైపు పదకొండు. ఇంకొకటి కావాలి. మూడో నంబరు ఇంటాయన ఇంకా ఎటూ తేల్చలేదు. ఆయన కారు కొత్తది. మనవడికి మాత్రం తొమ్మిదేళ్ళు. ఈ సాయంత్రం ఇద్దరినీ మా ఇంటికి కాఫీకి పిలిచాను.