మన వాడ సంగతులు: మురుగు కాలువలో మంచినీటి గొట్టము



గడచిన మాసమున ఈ పుటయందు మా వీధి దీపములను గూర్చి వ్రాసితిని. నాలుగింటిలో మూడు వెలుగుచున్నవి. నాలుగవదానికి స్తంభమే కొత్తది కావలెనట. ఆ సంగతి అంతటితో విడిచి, ఈ మాసము నీటి సంగతి చెప్పెదను. ఇది నాకు కొంత సిగ్గు కలిగించు సంగతి. అయినను దాచుట న్యాయము కాదు.

ఆషాఢమున తొలి వానలు కురిసిన వారముననే మా వీధిలో వాంతులు, విరేచనములు పొడసూపినవి. మొదట మూలయింటి నాలుగేండ్ల పిల్లవాడు, మరునాడు వాని అక్క, ఆ మరునాడు ఎదురింటి పిన్నిగారు, నాలుగవనాటికి మా యత్తగారు పడకపట్టిరి. కారణములు చెప్పువారికి కొదువ లేదు. మామిడిపండ్లు వేడి చేసినవని ఒకరు, పిల్లవానికి దిష్టి తగిలినదని మరియొకరు అనిరి. నేనును తక్కువదానను కాను. మా యత్తగారు ముందునాడు ఇష్టపడి తిన్న పనసపొట్టు కూరమీద నేరము మోపితిని. పిల్లవాని కన్నులు లోతునకు పోయి, నాలుక ఎండి, ఏడ్చినను కన్నీరు రాకుండుట చూచినప్పుడు గాని మాకు నిజమైన భయము పుట్టలేదు. 108 బండిని పిలిచి ఆసుపత్రికి చేర్చిరి. రెండు దినములు సెలైను ఎక్కించిన పిమ్మట పిల్లవాడు తేరుకొని తల్లిని పేరుపెట్టి పిలిచినాడు.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ ఒకతె మమ్ము చూచి, “జబ్బు చేసిన ఇళ్ళేవి? వరుసగా చెప్పండి పిన్నిగారూ” అని అడిగినది. వ్రేళ్లు మడచి లెక్కించితిమి. వేపచెట్టు దాటిన తరువాతి ఇండ్లే అన్నియును! చెట్టునకు ఇవతలివారు ఆ పండ్లే తినిరి, ఆ యంగడి పాలే త్రాగిరి. వారిలో ఒక్కరికిని జబ్బు లేదు. “అయితే ఆ చెట్టు దగ్గర గొట్టం చూపించండి” అని ఆమె చీటి వ్రాసి యిచ్చినది.

ఈ విధముగా ఇండ్లను లెక్కించుట క్రొత్త విద్య కాదు. 1854లో లండను నగరమున బ్రాడ్ వీధి యను చోట కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు మరణించినవారి ఇండ్లను ఒక్కొక్కటిగా విచారించి, వారిలో అధికులు ఒకే చేతిపంపు నీరు త్రాగినట్లు కనిపెట్టి, ఆ పంపు పిడిని తీయించినాడు. తరువాత తెలిసినదేమనగా, ఆ వీధిలోని ఒక తల్లి జబ్బుపడిన తన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని ఇంటి ముందరి మరుగుగుంటలో పోసినదట. ఆ గుంట గోడ శిథిలమై, మురుగు పంపు బావిలోనికి ఊరినది. ఆ తల్లి చేసినది మనలో ఎవరు చేయరు? పసిపిల్లల మలము దోషము లేనిదని మన ఇండ్లలో నేటికిని అనుకొందురు. అది వట్టి భ్రమ.

డాక్టరమ్మ చీటితో మావారు పురపాలక సంఘ కార్యాలయమునకు పోగా, మూడవనాడు కుళాయి మేస్త్రీ గునపము తీసికొని వచ్చినాడు. వేపచెట్టు మొదట మురుగు కాలువ పూడిక తీయించి చూచితిమి గదా, మన మంచినీటి గొట్టము ఆ మురుగులోనే మునిగి పోవుచున్నది! ఎన్నియో యేండ్ల క్రిందటి ఇనుప గొట్టము. తుప్పు పట్టి పెన్సిలు పట్టునంత రంధ్రము పడినది.

“లోపలి నీళ్ళు బయటికి పోవాలి గాని, బయటి మురుగు లోపలికెట్లా వస్తుంది నాయనా?” అని అడిగితిని.

మేస్త్రీ ముఖము తుడుచుకొని, “మీ మోటార్లమ్మా!” అన్నాడు.

ఆ మాట నాకు తగిలిన చోటు నాకే తెలియును. సంగతి వినుడు. మా వీధికి రోజు విడిచి రోజు గంటసేపు నీరు వచ్చును. నీరు వచ్చునంతసేపు గొట్టములో ఒత్తిడి యుండును గనుక రంధ్రమున్నను నీరు బయటికే చిమ్మును. కట్టివేయగానే గొట్టము ఖాళీ యగును. అప్పుడు చుట్టునున్న మురుగు తిన్నగా లోనికి దిగును. ఇది మొదటి మార్గము. రెండవది మనము చేసికొన్నది. వీధిలో పదునొకండు ఇండ్లవారు కుళాయికే మోటారు తగిలించి, పసిపిల్లలు గొట్టముతో కొబ్బరినీరు పీల్చునట్లు నీటిని పీల్చుచున్నారు. అందరును ఒక్కసారిగా పీల్చినచో ప్రధాన గొట్టములో ఒత్తిడి పడిపోవును. ఆ పీల్పు మంచినీటికిని మురుగునకును భేదమెరుగదు. ఎక్కడ సందు దొరకిన అక్కడినుండి లాగును. వాన కురిసి కాలువ నిండుగా ఉన్నప్పుడు చెప్పనక్కరలేదు. అందుచేతనే కుళాయికి నేరుగా మోటారు పెట్టుట నిషిద్ధము.

ఆ పదునొకండు మోటారులలో ఒకటి మాది. రెండేండ్ల క్రిందట వేసవిలో నేనే పట్టుపట్టి కొనిపించితిని. “పక్కింటివారికి రెండు బిందెలు నిండువరకు మనకొకటి నిండదు” అని మావారితో వాదించితిని. అదే కాలమున ఈ పుటలోనే పురపాలకుల అశ్రద్ధను గూర్చి ఎంత ఘాటుగా వ్రాసితినో ఆ సంచికలున్నవారు తిరుగవేసి చూడవచ్చును. గొట్టమును మురుగులో వేసిన తప్పు వారిది; ఆ మురుగును మూలయింటి పిల్లవాని చెంబులోనికి లాగినదానిలో నా పాలు లేదనలేను.

చిన్ననాట మా నాయనగారు నాచేత అరణ్యపర్వము చదివించునప్పుడు, యక్షుని కొలను దగ్గర నలుగురు తమ్ములును ప్రశ్నను లెక్కింపక దప్పికతో నీరు త్రాగి పడిపోవుట నాకు నమ్మశక్యముగా తోచెడిది కాదు. ఒక్క నిమిషము నిలిచి సమాధానము చెప్పినచో ఏమి పోయెనని తలచెడిదానను. ఇన్నేండ్లుగా మేము నీటిని అడుగవలసిన ప్రశ్న ఒక్కటియు అడుగలేదు.

మోటార్లు తీసివేయవలెనని మా అరుగుమీద కూడి అనుకొన్నప్పుడు అందరును సరేయనిరి గాని, మేడమీద అద్దెకున్న వదినగారు మాత్రము లేచి, “మీకు కుళాయి నేలమీదుంది కాబట్టి ధర్మాలు చెబుతారు. మోటారు లేకపోతే మా మేడమీదికి చుక్క ఎక్కదు. నేను కడుపుతో ఉండి బిందెలు మొయ్యనా?” అన్నది. ఆమె మాటలో తప్పేమున్నది? ఎవరును మారుపలుకలేదు. చివరకు మేస్త్రీయే ఉపాయము చెప్పినాడు. నేలలో సంపు కట్టించి, కుళాయి నీటిని దానంతటదిగా అందులో పడనిచ్చి, సంపునుండి మోటారుతో పైకి తోడుకొనవచ్చును. అప్పుడు మోటారు వీధి గొట్టమును పీల్చదు. ఖర్చు అధికమే. ఇంటి యజమాని మొదట ముఖము చాటువేసి, తన మనుమరాలికిని విరేచనములు పట్టుకొన్న తరువాత ఒప్పుకొన్నాడు. సంపు పూర్తి యగువరకు వంతులవారీగా మా పిల్లలు ఆమెకు బిందెలు పైకి చేర్చుచున్నారు. పదునొకండు మోటార్లలో ఎనిమిది తీసినారు. మూడు ఇంకను ఉన్నవి. వారితో మాటలు జరుగుచున్నవి. ఒక యింటితో మాటలే లేవు.

ఇక గొట్టము మార్పించుట. ఇరువదిముగ్గురము వ్రాలుచేసి అర్జీ పట్టుకొని పోయితిమి. గుమాస్తా, “మగవాళ్ళను పంపండి” అన్నాడు. మా వార్డు కౌన్సిలరు స్త్రీయే. కాని ఆమె యింటికి పోయిన రెండుసార్లును భర్తగారే వచ్చి మాటాడి పంపిరి. ఇది మా ఊరి వింత మాత్రమే కాదని మీలో అనేకులు ఎరుగుదురు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చి, పురపాలక సభలలో మూడవవంతునకు తక్కువ కాకుండ స్త్రీలకు స్థానములిచ్చినది. మన రెండు తెలుగు రాష్ట్రములును దానిని సగమునకు పెంచినవి. కుర్చీ ఆమెదైనప్పుడు మాట ఆయనది యేల కావలెను? మూడవసారి మేము గుమ్మములోనే నిలిచి, “అమ్మగారితోనే మాట్లాడతాము” అంటిమి. ఆమె వచ్చినది, విన్నది, చెప్పులు తొడుగుకొని మాతో కూడ వేపచెట్టు దగ్గరకు నడచి వచ్చి కాలువలోనికి వంగి చూచినది. ఆమెయే ఇంజనీరును పిలిపించినది. పదునొకండవనాడు గొట్టము కాలువలోనుండి లేచి, గోడవారగా క్రొత్తది పడినది. మంచినీటి సరఫరాయు, పారిశుద్ధ్యమును పురపాలక సంఘమునకు అప్పగింపదగిన పనులుగా రాజ్యాంగపు పండ్రెండవ షెడ్యూలులో చేర్చబడి యున్నవి. గ్రామములయందు త్రాగునీరు పదునొకండవ షెడ్యూలులో ఉన్నది. కనుక అర్జీలో “దయచేసి” అను మాట రెండుసార్లకు మించి వ్రాయనక్కరలేదు. నీటి పరీక్ష ఫలితములు చూపకున్న 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగవచ్చును. ముప్పది దినములలో ప్రత్యుత్తరమీయవలెను.

పరీక్ష యనగా భయపడకుడు. నీటిలో క్లోరిను మిగిలియున్నదో లేదో చూచుటకు క్లోరోస్కోపు అను చిన్న పెట్టె యున్నది. గాజు గొట్టములో కుళాయి నీరు పోసి మందు చుక్కలు వేసిన, క్లోరిను ఉన్నచో పచ్చదనము తిరుగును. మన కుళాయి చివర లీటరునకు 0.2 మిల్లీగ్రాములైనను క్లోరిను మిగిలియుండవలెను. రంగు తిరుగలేదా, మార్గమున దానిని ఏదియో తినివేసినదని అనుమానింపవలెను. వాసన వచ్చుచున్నదని విసుగుకొందుము గాని, ఆ కొంచెపు వాసన మంచి గుర్తు. మలదోషము కనిపెట్టు సీసాలును కలవు. నీరు నింపి వెచ్చని చోట ఒకటి రెండు దినములుంచిన, దోషమున్న నీరు నల్లబడును. పల్లెలలోని సోదరీమణులకు ఇంకొక మాట. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ పద్ధతిలో ప్రతి గ్రామమునను అయిదుగురికి, అందును ముఖ్యముగా స్త్రీలకు, ఈ నీటి పరీక్షలు నేర్పవలెనని యున్నది. మీ ఊరిలో ఆ అయిదుగురు ఎవరో గ్రామసభలో అడుగుడు. ఎవరును లేనిచో మీ పేరు చెప్పుడు.

ఇంటిలో మేము ఇప్పుడు చేయుచున్నది ఇంతే. నీరు వచ్చిన వెంటనే మొదటి బిందెడు పట్టి చెట్లకు పోయుదుము; గొట్టము ఖాళీగా ఉన్నప్పుడు దిగిన దోషము ఆ మొదటి నీటిలో అధికముగా వచ్చును. త్రాగు నీటిని తెర్లి పొంగువరకు కాచి, మూతపెట్టి, కాడ గరిటెతో తీసికొందుము. చేయి ముంచుట మాన్పించుటకు మా యింట పడిన పాటు వేరుగా వ్రాయవలెను. శుక్రవారమునాడు తొట్లును, ఎయిర్ కూలరు అడుగును వంచి ఆరబెట్టుదుము. ఇది డెంగూ దోమకొరకు. అది నిలువయున్న తేటనీటిలో గ్రుడ్లు పెట్టును, వారము పదిదినములలో రెక్కలు వచ్చి పగటివేళ కుట్టును.

విరేచనములు పట్టుకొన్నచో నీరు మాన్పింపకుడు. మా అత్తగారికి మొదటిదినము నేను చేసిన రెండవ తప్పు అది. ఓ.ఆర్.ఎస్. పొట్లము ఉన్న మేలు. లేనిచో కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండును తలగొట్టి కొలిచి కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. ఉప్పు ఎక్కువైన కీడు. 1971లో బంగ్లాదేశ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ సెలైను సీసాలు నిండుకొనగా ఈ ఉప్పు-చక్కెర నీరే డ్రమ్ములలో కలిపి బంధువులచేత త్రాగించగా, నూటికి ముప్పది వరకున్న మరణములు నాలుగింటికి లోపల దిగినవి. చనుబాలు త్రాగు బిడ్డకు పాలు ఆపరాదు. కన్నులు లోతునకు పోయినను, మూత్రము ఆగినను, రక్తము పడినను, త్రాగినది నిలువకున్నను ఇంటివైద్యము చాలదు, వెంటనే ఆసుపత్రి.

మీ కుళాయి గొట్టము ఇంటిలోనికి రాకముందు ఎక్కడెక్కడ నడచుచున్నదో ఈ మాసమున ఒకసారి వెంబడించి చూచి, కాలువ దాటుచున్నచో ఆ సంగతి నాకు వ్రాయుడు. వచ్చిన ఉత్తరములలో కొన్నింటిని పై సంచికలో ప్రకటించెదను. మూలయింటి పిల్లవాడు నిన్న మా యరుగుమీద పడి మోచేయి గీసికొని ఊరు దద్దరిల్ల ఏడ్చినాడు. కన్నీరు బాగుగనే వచ్చినది.