వెనక బండి ఊగితే బ్రేక్ నొక్కొద్దు

మైత్రివనం చుట్టుపక్కల నాలుగు నెలలు కోర్సు, పంజాగుట్టలో కన్సల్టెన్సీ చుట్టూ నాలుగు వారాలు ప్రదక్షిణలు, ఆ తర్వాత ఫ్లైటు. అమీర్‌పేట హాస్టల్లో మన పక్క మంచం మీద పడుకున్నవాళ్లు చాలామంది ఇవాళ టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. చదువు ఒక ఊళ్లో, మొదటి ఉద్యోగం ఇంకో ఊళ్లో, ప్రాజెక్టు మారితే మూడో ఊళ్లో. సామాను మోయడానికి మనుషుల్ని పెట్టుకుంటే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. అందుకే మనవాళ్లు కారు వెనక ఒక అద్దె ట్రెయిలర్ తగిలించుకుని, రాత్రికి రాత్రి సామాను సర్దేసి, పొద్దున్నే హైవే ఎక్కేస్తారు. కొన్నేళ్లు గడిచి, పెళ్లయి, వేసవికి అమ్మానాన్న వస్తే, ఈసారి ఎస్‌యూవీ వెనక మంచాలూ వంటగదీ బాత్రూమూ ఉన్న ట్రావెల్ ట్రెయిలర్ తగిలించుకుని ఎల్లోస్టోన్‌కి బయల్దేరతారు.

రెండుసార్లూ మనిషి అదే. ఇండియాలో పాతికేళ్లు బతికి, బండి వెనక ఇంకో బండిని ఒక్కసారి కూడా లాగని మనిషి. అక్కడ చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సుతోనే వెయ్యి, పదిహేను వందల కిలోలు లాగుతూ వెళ్లిపోవచ్చు. ఎవరూ పరీక్ష పెట్టరు. పరీక్ష హైవే మీద, నేరుగా ప్రాక్టికల్. ఈ వారం కాలమ్ ఆ పరీక్ష గురించి.

దూడ దారి తప్పితే

‘తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అంటారు. ట్రెయిలర్ అనే దూడ మేస్తుంది. ముందు కారు తిన్నగానే పోతున్నా, వెనక ట్రెయిలర్ కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెడుతుంది. పక్కనుంచి పెద్ద ట్రక్కు దూసుకెళ్లినప్పుడు తోసే గాలి, మైదానంలో అడ్డంగా కొట్టే గాలి, లేన్ మారేటప్పుడు స్టీరింగ్ కాస్త గట్టిగా తిప్పడం, వీటిలో ఏదైనా చాలు. మామూలుగా అయితే రెండు ఊపుల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ప్రతి ఊపూ ముందుదాని కన్నా పెద్దదవుతుంది. నాలుగైదు ఊపులయ్యేసరికి ట్రెయిలరే కారు వెనక భాగాన్ని తనతో ఈడుస్తుంది. దీన్నే ట్రెయిలర్ స్వే అంటారు. ముదిరితే కారూ ట్రెయిలరూ కత్తెరలా మడుచుకుపోతాయి, లేదా పల్టీ కొడతాయి.

ఇంజినీరింగ్‌లో కంట్రోల్ సిస్టమ్స్ పేపర్ రాసినవాళ్లకి ‘డ్యాంపింగ్’ అన్న మాట గుర్తుండాలి. సింపుల్‌గా చెప్పాలంటే, ఊపుని మెల్లగా మింగేసే గుణం. ఉయ్యాలని ఒకసారి తోసి వదిలేస్తే కాసేపటికి ఆగిపోయేది దానివల్లే. ట్రెయిలర్‌కి ఆ గుణం ముఖ్యంగా టైర్లు రోడ్డుని పట్టుకోవడం వల్ల వస్తుంది. చిక్కేంటంటే, స్పీడ్ పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. ప్రతి కారు, ట్రెయిలర్ జంటకీ ఒక హద్దు స్పీడ్ ఉంటుంది. దానికి కింద ఉన్నంతసేపూ ఊపు దానంతటదే ఆగుతుంది. దాన్ని దాటితే దానంతటదే పెరుగుతుంది.

ఆ హద్దు ఎక్కడుందో డ్యాష్‌బోర్డు చూపించదు. గంటకి 85 కిలోమీటర్ల దగ్గర బుద్ధిగా వచ్చిన ట్రెయిలర్ 105 దగ్గర వెర్రెత్తినట్టు ఊగొచ్చు. ‘రెండొందల మైళ్లు వచ్చాం బ్రో, ఏం కాలేదు’ అనే మాటకి విలువ లేదు. ఆ రెండొందల మైళ్లలో హద్దు తగల్లేదు, అంతే. అయితే ఒక మంచి విషయం ఉంది. ఆ హద్దుని పైకి జరపడం చాలావరకు మన చేతిలోనే ఉంది. అది జరిగేది హైవే మీద కాదు, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సామాను ఎక్కించేటప్పుడు.

బియ్యం బస్తా ఎక్కడ పెట్టారు?

మనవాళ్లు సామాను ఎలా ఎక్కిస్తారో చూడండి. మొదట పరుపు, సోఫా లోపలికి తోస్తారు. తర్వాత బట్టల డబ్బాలు. చివర్లో అలసిపోయాక గుర్తొస్తాయి: సోనామసూరి బస్తాలు, వెట్ గ్రైండర్, పుస్తకాల డబ్బా, డంబెల్స్. అవన్నీ తలుపు దగ్గర ఇరికించి తాళం వేస్తారు. అంటే తేలికవి ముందు, బరువైనవి తోక చివర. స్వే రావాలంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

రూల్ తిరగేసి ఉంటుంది. బరువు ట్రెయిలర్ చక్రాల ఇరుసుకి ముందు ఎక్కువుండాలి. అమెరికాలో అద్దె ట్రెయిలర్లకి పేరున్న యు-హాల్ చెప్పేది ఇదే: 60 శాతం బరువు ముందు సగంలో, స్పీడ్ గంటకి 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు దాటకూడదు. ట్రావెల్ ట్రెయిలర్ల దగ్గర ఇంకో లెక్క వాడతారు. కారు వెనక ఉండే బంతి లాంటి కొక్కెం మీద ట్రెయిలర్ మూతి ఎంత బరువు మోపుతోందో చూస్తారు. అది ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 1500 కిలోల ట్రెయిలర్ అయితే 150 నుంచి 225 కిలోలన్నమాట.

ఒక చిన్న లెక్క వేద్దాం. మీ ట్రెయిలర్ 1500 కిలోలు, మూతి బరువు 165 కిలోలు. అంటే 11 శాతం, బాగానే ఉంది. కొక్కెం నుంచి ఇరుసు 4 మీటర్ల దూరం అనుకుందాం. బయల్దేరే ముందు పిల్లల సైకిళ్లు, వాటి స్టాండు కలిపి 60 కిలోలు, ఇరుసుకి రెండున్నర మీటర్ల వెనక, ట్రెయిలర్ తోకకి తగిలించారు. తూనిగుయ్యాల సూత్రమే: 60 ఇంటూ 2.5 బై 4, అంటే 37.5 కిలోలు మూతి మీంచి లేచిపోతుంది. ఇప్పుడు మూతి బరువు 127.5, మొత్తం 1560. శాతం చూస్తే 8 చిల్లర. కేవలం సైకిళ్లతో సేఫ్ లెక్క కాస్తా దాటిపోయింది. ట్రెయిలర్‌లో నీళ్ల ట్యాంకు ఇరుసుకి వెనక ఉంటే అదీ ఇంతే. ప్రతి లీటరూ ఒక కిలో.

మరి బరువంతా మూతి మీదే కుక్కేస్తే? అదీ కుదరదు. అమీర్‌పేట హాస్టళ్లకి మోపెడ్ మీద వచ్చే నీళ్ల క్యాన్లు చూశారుగా. వెనక క్యాన్లు ఎక్కువైతే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ మాట వినదు. కారూ అంతే. కొక్కెం మీద బరువు మితిమీరితే ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్‌కి పట్టు తగ్గుతుంది.

ఇంకోటి, కావడి సంగతి. కావడికి రెండు చివర్లా బరువు వేలాడుతుంటుంది కాబట్టి ఒకసారి అడ్డంగా తిరగడం మొదలైతే ఆపడం కష్టం. ట్రెయిలర్ ముందు గోడకి సగం, వెనక తలుపుకి సగం బరువు పెడితే మూతి లెక్క కాగితం మీద సరిపోవచ్చు, కానీ బండి కావడి అయిపోతుంది. బరువైనవి ఇరుసుకి దగ్గరగా, కాస్త ముందుకి, కింద నేల మీదే ఉండాలి. 2009లో ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీ ఇంజినీర్లు ట్రెయిలర్‌తో ప్రయోగాలు చేసి ప్రచురించిన పేపర్‌లోనూ హైస్పీడ్ నిలకడని బాగా ప్రభావితం చేసేవిగా తేలినవి ఇవే: బరువు ఎంత దూరం పరుచుకుని ఉంది, మూతి మీద ఎంత ఉంది, ఇరుసు ఎక్కడుంది.

కొలవడం కూడా తేలికే. వేబ్రిడ్జి మీద ముందు ట్రెయిలర్‌ని విడిగా, మూతితో సహా పూర్తిగా తూచండి. తర్వాత కారుకి తగిలించి, ట్రెయిలర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా తూచండి. రెండిటి తేడానే మూతి బరువు. అమెరికా హైవేల పక్కన ట్రక్కులు ఆగే స్టేషన్లలో ఇలాంటి కాటాలు చాలాచోట్ల ఉంటాయి.

ఊగడం మొదలైతే...

ఇక్కడ మన చేతులూ కాళ్లే మనకి శత్రువులు.

హాస్టల్ బాత్రూమ్‌లో గీజర్ ట్యాప్ తిప్పిన అనుభవం అందరికీ ఉంటుంది. చల్లగా వస్తోందని వేడివైపు తిప్పుతాం. పైపులో నీళ్లు రావడానికి టైం పడుతుంది, ఈలోపు ఇంకాస్త తిప్పుతాం. ఒక్కసారిగా కాలిపోతుంది. గబుక్కున చల్లవైపు తిప్పుతాం. ఇలా రెండు చివర్ల మధ్యా కొట్టుకుంటాం. తప్పు ట్యాప్‌ది కాదు, ఆలస్యంగా వచ్చే ఫలితానికి తొందరపడి స్పందించడంలో ఉంది. ట్రెయిలర్ ఊగేటప్పుడు స్టీరింగ్‌తో సరిచేయబోతే జరిగేది అదే. ట్రెయిలర్ కుడికి పోయిందని మెదడు గుర్తించి, చేతులు తిప్పి, టైర్లు ఆ మాట వినేసరికి ట్రెయిలర్ ఎడమకి వచ్చేసి ఉంటుంది. మన సాయం ఆ ఎడమ ఊపుకి అందుతుంది. ఆపుతున్నాననుకుంటూ ఉయ్యాల తోస్తుంటాం.

బ్రేక్ ఇంకా ప్రమాదం. కారు గబుక్కున నెమ్మదిస్తుంది, వెనకున్న బరువు నెమ్మదించదు, తోస్తుంది. తిన్నగా ఉంటే తోపు తిన్నగా ఉండేది. కానీ ట్రెయిలర్ పక్కకి తిరిగి ఉంది కాబట్టి ఆ తోపు కారు తోకని పక్కకి నెడుతుంది.

‘స్పీడ్ పెంచు, తిన్నగా అవుతుంది’ అనే సలహా కూడా వింటుంటాం. అది ట్రాలీ బ్యాగ్‌కి సరిపోతుందేమో. అమీర్‌పేట మెట్రో స్టేషన్లో లైన్ మారే హడావుడిలో రెండు చక్రాల బ్యాగ్ ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి దొర్లుతూ గంతులేస్తుంది చూడండి, దాని మీద 2017లో పారిస్ భౌతిక శాస్త్రవేత్తలు రాయల్ సొసైటీ జర్నల్లో పేపరే రాశారు. బ్యాగ్ ఊగుతుంటే ఆగకుండా ఇంకాస్త వేగంగా నడవమని, లేదా హ్యాండిల్‌ని నేలకి దగ్గరగా దించమని తేల్చారు. కానీ బ్యాగ్ చేసేది చక్రాల మీద దొర్లడం. ట్రెయిలర్ చేసేది రోడ్డు మీద తోక తిప్పడం. అందులో స్పీడే జబ్బు. జబ్బునే మందుగా వేసుకోకూడదు.

మరి ఏం చెయ్యాలి? ఒకటి, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తియ్యండి. రెండు, స్టీరింగ్‌ని తిన్నగా, గట్టిగా పట్టుకోండి, ఊపుతో పోటీ పడొద్దు. మూడు, కారు బ్రేక్ జోలికి పోవద్దు. ట్రెయిలర్‌కి సొంత ఎలక్ట్రిక్ బ్రేకులుండి, డ్రైవర్ చేతికి అందేలా వాటి మీట ఉంటే, దాన్ని మాత్రం మెల్లగా వాడండి. వెనక బండి ఒక్కటే బ్రేక్ వేసుకుంటే అది కారుని వెనక్కి లాగుతుంది, ఆ లాగుడుకి రెండూ ఒక వరసలోకి వస్తాయి. ఆ మీట ఎక్కడుందో బయల్దేరే ముందే చూసుకోండి, ఊగేటప్పుడు వెతుక్కోలేరు. అద్దెకి తెచ్చే చిన్న ట్రెయిలర్లకి అది ఉండకపోవచ్చు. అప్పుడు మొదటి మూడే మందు. స్పీడ్ హద్దు కిందికి దిగగానే ఊపు దానంతటదే తగ్గుతుంది. ఆ తర్వాత ‘హమ్మయ్య’ అనుకుని సాగిపోవద్దు. ఎగ్జిట్ తీసుకుని, ఆపి, సామాను మళ్లీ సర్దండి. ఒకసారి ఊగిన బండి అదే లోడుతో, అదే స్పీడులో మళ్లీ ఊగుతుంది.

పరికరం కొంటే సరిపోదా?

స్వే కంట్రోల్ బార్లు రాపిడితో ఊపుని పట్టి ఉంచుతాయి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొక్కెం మీది బరువులో కొంత కారు ముందు చక్రాలకి పంచుతుంది. ఈ కాలపు చాలా కార్లలో ట్రెయిలర్ ఊగడాన్ని సెన్సర్లతో పసిగట్టి ఒక్కో చక్రానికి వేరుగా బ్రేక్ వేసే సాఫ్ట్‌వేర్ ఉంది. మంచివే, ఉంటే వాడండి. కానీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా ఒక మాట చెప్పగలను. డిజైన్ తప్పుగా ఉన్న సిస్టమ్‌కి మానిటరింగ్ పెడితే డిజైన్ సరవ్వదు, పడిపోయే టైం కాస్త వెనక్కి జరుగుతుంది. ముందు లోడు, తర్వాత స్పీడు, టైర్లలో సరైన గాలి, ట్రెయిలర్ మూతి పైకి లేవకుండా నేలకి సమంగా ఉండటం. ఇవన్నీ అయ్యాకే పరికరం. కారు ఎంత లాగగలదో ఓనర్స్ మాన్యువల్లో రాసి ఉంటుంది, అదీ చూడాలి. టెక్సస్‌లో 75 మైళ్ల బోర్డు కనిపిస్తుంది నిజమే, కానీ అది మీ ట్రెయిలర్‌ని చూసి పెట్టింది కాదు. ట్రెయిలర్ లాగే బండ్లకి కాలిఫోర్నియాలో హద్దు 55 మైళ్లు, జర్మనీలో మామూలుగా 80 కిలోమీటర్లు. ఊరికే పెట్టలేదు.

ఇది అమెరికా గొడవే అనుకోకండి. నిమజ్జనం రోజు పంజాగుట్ట మీదుగా హుస్సేన్‌సాగర్‌కి వెళ్లే ట్రాక్టర్ ట్రాలీ కూడా వెనక లాగే బండే. ఊళ్లలో పత్తి, వడ్లు మోసేది అదే, మిర్చి కోతకి కూలీలు, పెళ్లికి చుట్టాలు ఎక్కేదీ అదే. స్పీడ్ తక్కువ కాబట్టి అది పెద్దగా ఊగదు. కానీ చాలా ట్రాలీలకి సొంత బ్రేకులుండవు. దిగుడులో, మలుపులో ట్రాక్టర్ బ్రేక్ వేస్తే వెనక బరువు తోసే తోపు అదే, మడుచుకుపోవడం అదే. అందులో ఉన్నది వడ్ల బస్తాలైతే నష్టం డబ్బుల్లో ఉంటుంది. మనుషులైతే లెక్క వేరు.

మీ హాస్టల్ గ్రూపులో ఎవరైనా ‘రేపు షిఫ్టింగ్ రా’ అని మెసేజ్ పెడితే, ఆల్ ది బెస్ట్‌తో పాటు మూడు ప్రశ్నలు అడగండి. బియ్యం బస్తాలు ముందున్నాయా, వెనకా? ఎంత స్పీడులో పోతున్నావు? ఊగితే ఏం చేస్తావు? మూడో దానికి ‘బ్రేక్ వేస్తా’ అన్నాడంటే, వెంటనే కాల్ చెయ్యండి.