పరుగునకు గీసిన గీత

స్త్రీ శరీరము పరుగునకు దగదని శాసించువారిని మేమొక ప్రశ్న యడుగుచున్నాము. ఈ శాసనము ప్రకృతి చేసినదా, పురుషులు చేసినదా?

1928 వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సులో స్త్రీలకు మొదటిసారి పరుగుపందెములు పెట్టిరి. నూరు మీటర్ల పందెమును బెట్టీ రాబిన్సన్ 12.2 సెకండ్లలో గెలిచెను. ఆ పోటీలలోనే 800 మీటర్ల పందెమున లీనా రాడ్కే ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అయినను, వనితలు సొమ్మసిల్లిరని పత్రికలు గగ్గోలు పెట్టెను. పిమ్మట 1960 వరకు 200 మీటర్లు దాటి స్త్రీ యొంటరిగా పరుగిడు పందెమే ఒలింపిక్సులో లేకపోయెను. పరుగు ముగించి పురుషుడు నేల వ్రాలిన నది పౌరుషమట. స్త్రీ వ్రాలిన నది యసమర్థతయట! ఇది యెక్కడి న్యాయము?

మాతృత్వము పరుగునకు విరుద్ధమందురా? 1948 లో లండనునందు ఫానీ బ్లాంకర్స్-కోయెన్ అను డచ్చి వనిత నాలుగు స్వర్ణపతకములు గెలిచెను. అప్పటికామె 30 ఏండ్ల వయసు గలది, ఇద్దరు బిడ్డల తల్లి. ఇల్లు విడిచి పరుగేలయని యాక్షేపించినవారికి ఆ పరుగే ప్రత్యుత్తరము.

ఈడు వచ్చినదని బాలికను ఆటస్థలమునుండి యింటికి బిలిచెడి తలిదండ్రులారా! ఆ గీత గీసినది ప్రకృతి గాదు, మనము. గీసినవారమే చెరపవలెను. మేము కోరునది బాలికలపై దయ గాదు. వారికి న్యాయముగ జెందవలసిన మైదానము.